గేర్‌బాక్స్ పోయిందా, పోగొట్టారా?

దాళ్వా (రబీ వరి) గడ్డి కట్టలు కట్టే పని ముగిసిందో లేదో, ప్రశ్నలు మొదలయ్యాయి. ఈసారి దాదాపు అన్నీ గడ్డి కట్టలు కట్టే మిషన్ బేలర్ గేర్‌బాక్స్ మీదే, అంటే ట్రాక్టర్ వెనక తిరిగే షాఫ్టు (పీటీఓ) శక్తిని బేలర్‌కు అందించే పళ్లచక్రాల పెట్టె మీదే. ఒకేలా ఉన్నవాటిని కలిపేసి, తేడా ఉన్నవాటికి విడిగా జవాబులిస్తున్నాం. ధరలు మాత్రం అడగొద్దు, షాపుకో రేటు నడుస్తోంది, ఇక్కడ ఒకటి రాస్తే అక్కడ ఇంకోటి చెబుతారు.

ప్రశ్న: మాది ఆచంట దగ్గరండి. 45 హెచ్‌పీ ట్రాక్టర్‌కు మినీ రౌండ్ బేలర్ కట్టుకుని అద్దెకు తిప్పుతున్నాం. రెండో దాళ్వాకే గేర్‌బాక్స్‌లో క్రౌన్ (పెద్ద పళ్లచక్రం) పళ్లు ఊడిపోయాయి. కంపెనీ బాక్స్ ఖరీదెక్కువ. లోకల్‌గా చేసింది దాదాపు సగానికే వస్తోంది, పైన ‘60 హెచ్‌పీ’ అని ప్లేటు కూడా ఉంది. మా మేనమామ అయితే పాత రోటవేటర్ గేర్‌బాక్స్ పడుందిగా, అది బిగించెయ్యరా అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఆ ఊడిన పళ్లు పారెయ్యకండి. డీజిల్‌తో కడిగి ఎండలో పెట్టి చూడండి, పోయిన కారణం అక్కడే కనిపిస్తుంది. విరిగిన చోటంతా ఒకేలా గరుగ్గా, పంచదార పలుకుల్లా మెరుస్తుంటే ఒక్క దెబ్బకు విరిగిందని అర్థం, అంటే ముద్ద ఇరుక్కున్నప్పుడు తెగి గేర్లను కాపాడాల్సిన షియర్ బోల్టు తెగలేదు. కొంత భాగం నున్నగా పాతబడినట్టు, మిగతాది గరుగ్గా ఉంటే పగులు ఎప్పుడో మొదలై నెమ్మదిగా పెరిగి చివర్లో ఊడింది. అది రోజూ పడే అదనపు బరువు వల్ల. పంటికి ఒక చివరే విరిగి రెండో చివర బాగుంటే గేర్లు సరిగ్గా ఎదురెదురుగా లేవు, బేరింగ్‌కు ప్లే (వదులు) వచ్చి ఉంటుంది, లేదా ఇంతకుముందు విప్పినవాళ్లు షిమ్ములు (సందు సర్దే పల్చటి రేకులు) తారుమారు చేసుంటారు. పళ్లు విరగకుండా అరిగిపోయి పలచబడితే ఆయిల్ లేకపోవడమో, ఉక్కు మెత్తనిదో అయ్యుంటుంది. ఈ కారణం తేల్చకుండా కొత్త బాక్స్ పెడితే, వచ్చే దాళ్వాకు మళ్లీ ఇదే ప్రశ్న రాస్తారు.

ఇక ఆ ‘60 హెచ్‌పీ’ ప్లేటు సంగతి. హెచ్‌పీ ఒక్కటే చూస్తే మోసపోతాం, ఏ ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర అన్నది చూడాలి. గేర్ పన్ను విరిగేది హెచ్‌పీకి కాదు, మెలితిప్పే బలానికి, అదే టార్క్‌కు. మీ 45 హెచ్‌పీ ట్రాక్టర్ పీటీఓ దగ్గర ఇచ్చేది సుమారు 38 హెచ్‌పీ. 540 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 500 న్యూటన్ మీటర్ల టార్క్ అవుతుంది. ఆ లోకల్ బాక్స్ 1000 ఆర్‌పీఎం దగ్గర 60 హెచ్‌పీ అనుకుందాం, దాని టార్క్ సుమారు 425 న్యూటన్ మీటర్లే. అంటే మీ 540 పీటీఓ మీద అది 32 హెచ్‌పీ బాక్స్ మాత్రమే! ప్లేటు మీద అబద్ధం ఏమీ లేదు, సగం నిజమే రాశారంతే. మినీ బేలర్ మామూలుగా ట్రాక్టర్ శక్తంతా తీసుకోదు, నిజమే. కానీ పచ్చిగడ్డి ముద్ద రోలర్ల మధ్య బిగుసుకున్న క్షణంలో ట్రాక్టర్ దగ్గర ఉన్నదంతా వచ్చి గేర్‌బాక్స్ మీద పడుతుంది. అందుకే బేలర్ లాంటి కుదుపుల పనికి లెక్క కట్టిన టార్క్‌కు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు తట్టుకునే బాక్స్ చూసుకోవాలి. షాపువాడిని ‘540 దగ్గర ఎంత టార్క్ ఆగుతుంది’ అని ఒక్క ప్రశ్న అడగండి. కాగితం తీసి చూపిస్తే కూర్చుని మాట్లాడండి, ‘ఏం కాదండి, మన దగ్గర తీసుకెళ్లినవాళ్లంతా బాగానే ఆడిస్తున్నారు’ అంటే లేచి వచ్చెయ్యండి.

టార్క్ కుదిరాక రేషియో, అంటే లోపలికి వెళ్లే షాఫ్టు ఎన్ని చుట్లకు బయటి షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుందన్నది. పాత బాక్స్ ఇంకా తిరిగే స్థితిలో ఉంటే రెండు షాఫ్టుల మీదా సుద్దముక్కతో గీత పెట్టి, లోపలికి వెళ్లే షాఫ్టును చేత్తో తిప్పుతూ రెండు గీతలూ మళ్లీ ఒకేసారి పైకి వచ్చేదాకా లెక్కపెట్టండి. లోపలి షాఫ్టు 11 చుట్లకు బయటి షాఫ్టు 6 చుట్లు తిరిగితే రేషియో 1.83. తిరగకపోతే మూత తీసి పళ్లు లెక్కపెట్టి, క్రౌన్ పళ్లను పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం) పళ్లతో భాగించడమే. ఇందులో కొంచెం తేడా వచ్చినా రోలర్ల వేగం మారిపోతుంది, కట్ట వదులుగా రావడమో, పురికొస చుట్టే వరస తప్పడమో జరుగుతుంది, తర్వాత పురికొస పెట్టెను తిట్టుకుంటాం.

తిరిగే దిక్కు కూడా చూడాలి. ట్రాక్టర్ వెనక నిలబడి పీటీఓ వైపు చూస్తే అది గడియారం ముల్లు తిరిగినట్టే తిరుగుతుంది. బాక్స్ లోపల క్రౌన్ పినియన్‌కు ఏ పక్కన కూర్చుందన్న దాన్ని బట్టి బయటి షాఫ్టు దిక్కు మారుతుంది. బయట నుంచి చూస్తే రెండు బాక్సులూ కవల పిల్లల్లా ఉంటాయి, బిగించి ఆన్ చేశాక రోలర్లు గడ్డిని లోపలికి లాగాల్సింది పోయి బయటికి కక్కుతాయి. మేనమామ గారి రోటవేటర్ బాక్స్ దగ్గర వచ్చే తంటా కూడా ఇదే. రోటవేటర్ బాక్స్ గట్టిదే, కాదనను, కానీ రేషియో వేరు, షాఫ్టు ఎత్తు వేరు, బోల్టు కన్నాలు వేరు. దానికోసం బేలర్ ఫ్రేమ్‌కు వెల్డింగులు పెట్టడం మొదలుపెడితే చైన్ లైను తప్పుతుంది. ఆ బాక్స్ రోటవేటర్‌కే ఉండనివ్వండి.

మీరు లోకల్‌దే తీసుకుంటాను అంటే ఒక పరీక్ష చెబుతా. కొత్త ఆకురాయి ఒకటి జేబులో పెట్టుకెళ్లి పంటి పక్క భాగం మీద ఒక్కసారి రుద్దండి. పైపొర గట్టిపరచిన గేర్ అయితే ఆకురాయి కొరకదు, గాజు మీద పాకినట్టు జారిపోతుంది. రజను రాలిందా, అది మామూలు ఉక్కును కోసి పళ్లు పెట్టింది, అంతే. మంచి గేర్లు ఈఎన్ 353 లాంటి ఉక్కుతో చేసి, కార్బన్ పట్టించి పైపొర గట్టిపరుస్తారు, లోపల మాత్రం మెత్తగానే ఉంచుతారు, దెబ్బ తగిలినప్పుడు పెళుసుగా విరగకుండా.

నన్నడిగితే బాక్స్ మొత్తం మార్చే ముందు పెట్టెలో బేరింగులు కూర్చునే గూళ్లు చూడండి. బేరింగ్ బయటి రింగు గూటిలో తిరిగిన గుర్తులు లేకపోతే పెట్టె అదే ఉంచి, కంపెనీ క్రౌన్ పినియన్ సెట్, కొత్త బేరింగులు, కొత్త సీళ్లు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) వేయించుకోండి. క్రౌన్ ఒక్కటే మారుస్తాం అంటే ఒప్పుకోకండి, పినియన్‌తో కలిపి జతగానే మార్చాలి, పాత పినియన్‌తో కొత్త క్రౌన్ ఆడితే దాన్ని కూడా తినేస్తుంది. బిగించాక మెకానిక్ పళ్ల మీద కొంచెం ఎర్రసీసమో బ్లూ పేస్టో రాసి చేత్తో తిప్పి అచ్చు చూడాలి, అచ్చు పంటి మధ్యలో పడాలి, అంచుల్లో కాదు. పళ్ల మధ్య సందు ఈ సైజు బాక్సుల్లో సాధారణంగా 0.15 నుంచి 0.30 మిల్లీమీటర్లు ఉంటుంది. ‘చేత్తో ఆడిస్తే తెలిసిపోద్దండి’ అనే మెకానిక్ దగ్గర కాకుండా డయల్ గేజ్ ఉన్న మెకానిక్ దగ్గర చేయించండి.

ప్రశ్న: ఆకివీడు నుంచి రాస్తున్నా. గేర్‌బాక్స్ ముందు సీలు ఎన్నిసార్లు మార్చినా వారం తిరక్కుండా ఆయిల్ కారుతోంది. మా డ్రైవర్ ఆయిల్ తీసేసి గ్రీజు నింపేద్దాం అంటున్నాడు, కారే గొడవే ఉండదట.

జవాబు: కారే గొడవ ఉండదు, కొన్నాళ్లకు గేర్‌బాక్సే ఉండదు. గట్టి గ్రీజును గేర్లు గోడలకు విసిరేస్తాయి, అది అక్కడే అతుక్కుపోతుంది, పళ్లు పొడిగా ఆడతాయి. పల్చటి గ్రీజుతోనే నడిచేలా తయారైన చిన్న బాక్సులు కొన్ని ఉన్నాయి, వాటికి ఆ సంగతి పుస్తకంలో రాసి ఉంటుంది. ఆయిల్ బాక్సులో గ్రీజు వద్దు.

సీలు పదేపదే పోతోందంటే సీలు తప్పు కాకపోవచ్చు. మొదట చూడాల్సింది బాక్స్ పైన చిన్న టోపీలా ఉండే బ్రీదర్. మన చేల బురద, గడ్డి దుమ్ము పట్టి అది మూసుకుపోతే, బాక్స్ వేడెక్కినప్పుడు లోపలి గాలికి దారి ఉండక సీలు అంచును తోసుకుని ఆయిల్‌తో సహా బయటికొస్తుంది. విప్పి డీజిల్‌లో కడిగి నోటితో ఊదితే గాలి ఆడాలి. మూడొంతుల మందికి దాని పేరు కూడా తెలీదు, కొందరైతే అది ఊడిపోతే బోల్టు బిగించేస్తున్నారు!

తర్వాత షాఫ్టు. సీలు తీసినప్పుడు షాఫ్టు మీద అది కూర్చున్న చోట గోరు పెట్టి రాయండి. గోరుకు గాడి తగిలితే అక్కడ ఎన్ని కొత్త సీళ్లు వేసినా కారుతుంది. కొత్త సీలును రెండు మూడు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెడితే అంచు కొత్త చోట ఆనుతుంది. అందుకు చోటు లేకపోతే పల్చటి స్టీలు స్లీవ్ ఎక్కించాలి, లేత్ షాపులో చేస్తారు.

ఇక మన దగ్గర అసలు దొంగ పురికొస. తెగిన ముక్కలు, పొడుగు వరిగడ్డి పరకలు షాఫ్టుకు చుట్టుకుని, తిరుగుతూ తిరుగుతూ ఒత్తుకుని సీలుకూ బాక్సుకూ మధ్య ఉంగరంలా గట్టిపడతాయి. ఆ ఉంగరం సీలు అంచును కోసేస్తుంది, రాపిడికి షాఫ్టు కూడా వేడెక్కుతుంది. వరిగడ్డిలో సిలికా ఎక్కువ కాబట్టి అది ఉప్పు కాగితంలా అరగదీస్తుంది కూడా. రోజూ సాయంత్రం ట్రాక్టర్ ఆపి, తాళం జేబులో వేసుకుని, పాత కొడవలి ముక్కతో ఆ చుట్టును కోసి లాగెయ్యండి. ఐదు నిమిషాల పని, కానీ డ్రైవర్లకు చెప్పి చూడండి, ‘రేపు పొద్దున్న చేద్దాం లెండి’ అంటారు.

ఇవన్నీ బాగున్నా కారుతుంటే పీటీఓ షాఫ్టు పొడవు చూడండి. షాఫ్టు పొడుగెక్కువై, చిన్న మడిలో మలుపు తిరిగేటప్పుడు రెండు గొట్టాలూ అడుగంటితే, ఆ తోపుడంతా గేర్‌బాక్స్ ముందు బేరింగ్ మీద పడుతుంది. బేరింగ్‌కు ప్లే వస్తే షాఫ్టు ఊగుతుంది, ఊగే షాఫ్టు మీద ఏ సీలూ ఆగదు. బాగా మడత పడిన స్థితిలో కూడా గొట్టాల మధ్య అంగుళం ఖాళీ మిగలాలి, బాగా సాగిన స్థితిలో మూడో వంతయినా ఒకదాంట్లో ఒకటి ఉండాలి. షాఫ్టు విప్పి మళ్లీ కలిపేటప్పుడు రెండు చివరల యోకులూ (కీళ్ల ఫోర్కులు) ఒకే వరసలో ఉండాలి. ఒక పన్ను తప్పించి కలిపినా మిషన్ వణుకుతుంది.

ప్రశ్న: మండపేట మండలం. షియర్ బోల్టులు రోజుకు నాలుగైదు తెగుతున్నాయి సార్. పని ఆగిపోతోందని మావాడు గట్టి బోల్టు వేశాడు, ఇప్పుడు తెగడం లేదు. ఇలా నడపొచ్చా?

జవాబు: ఇప్పుడే ఆపి తీయించండి. తల మీద 10.9 అనో 12.9 అనో ఉండే ఆ బోల్టు తెగదు, దాని బదులు క్రౌన్ పళ్లు తెగుతాయి. పైన ఆచంట ఆయన ప్రశ్న చదవండి. పుస్తకం ఏ గ్రేడు, ఏ సైజు చెబితే అదే వేయాలి.

బోల్టు ఎందుకు తెగుతోందో వెతకండి. చైన్ మిషన్‌తో (చైన్ల మీద నడిచే కోత మిషన్) కోసిన చేలో గడ్డి వరస సమానంగా పడదు, మిషన్ తిరిగిన మూలల్లో గడ్డి కుప్పగా పడుతుంది, డ్రైవర్ అదే స్పీడులో ఆ కుప్ప మీదికి ఎక్కిస్తాడు. మూలల్లో గేరు తగ్గించమనండి, లేదా ఒక మనిషిని పెట్టి కర్రతో ఆ కుప్పను పలచగా పరిపించండి. సార్వా (ఖరీఫ్ వరి) గడ్డి అయితే పొద్దున్నే మంచు మీద మొదలుపెట్టడం ఇంకో కారణం. డిసెంబరు ఉదయం చేతిలోకి తీసుకుని మెలిపెడితే తడి తగిలే గడ్డి మిషన్‌లోకి వెళ్లకూడదు, ఎండెక్కేదాకా ఆగాల్సిందే. అద్దె పోతుందని తొందరపడితే బోల్టులు పోతాయి, తడి కట్టలు మేటు లోపల వేడెక్కి బూజు పట్టి పశువులు కూడా ముట్టవు.

పీటీఓ వేసే పద్ధతి కూడా చూడండి. ఇంజన్ ఐడిల్‌లో ఉండగా వేసి తర్వాత మెల్లగా రేజ్ చెయ్యాలి. ఫుల్ రేజ్‌లో టపీమని వేస్తే ఆ ఒక్క కుదుపుకే బోల్టు సగం తెగిపోతుంది. బోల్టు కన్నం కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయి ఉంటే మంచి బోల్టు కూడా అందులో సుత్తి దెబ్బలు తిని తెగుతుంది, హబ్‌కు (ఆ కన్నం ఉన్న భాగానికి) లేత్‌లో బుష్ వేయించాలి. హబ్ తుప్పు పట్టి బిగుసుకుపోతే మాత్రం దీనికి పూర్తిగా రివర్సు, బోల్టు తెగినా షాఫ్టు విడిపడదు, రక్షణ ఉందనుకుంటాం గానీ ఉండదు. వారానికోసారి దానికి గ్రీజు కొట్టాలి.

మీది బోల్టు బదులు స్లిప్ క్లచ్ (బరువు ఎక్కువైతే జారే క్లచ్) ఉన్న మోడల్ అయితే సీజన్ మొదట్లో ఒక పని తప్పకుండా చెయ్యాలి. మన ఉప్పుగాలికి, వానాకాలం చెమ్మకు నాలుగైదు నెలలు ఖాళీగా ఉన్న ప్లేట్లు ఒకదానికొకటి అంటుకుపోతాయి. స్ప్రింగుల పొడవు ముందే కొలిచి రాసుకుని, నట్లు వదులు చేసి, పీటీఓ రెండు మూడు సెకన్లు వేసి క్లచ్‌ను జారనివ్వండి, తర్వాత అదే కొలతకు బిగించండి. ‘బాగా బిగిస్తే బాగా లాగుద్ది’ అని అదనంగా తిప్పకండి.

ప్రశ్న: భీమవరం దగ్గర మాకు చెరువులు కూడా ఉన్నాయి. ఏరియేటర్ (చెరువు నీళ్లకు గాలి పట్టించే మిషన్) గేర్‌బాక్సులు బాగుచేసే అబ్బాయి బేలర్‌ది కూడా చూస్తానంటున్నాడు, ఇవ్వొచ్చా?

జవాబు: బేరింగ్, సీలు మార్చడానికి నిశ్చింతగా ఇవ్వండి, ఉప్పునీళ్లలో సీళ్ల గొడవ వాళ్లకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదు. క్రౌన్ పినియన్ సెట్టింగు అయితే వద్దు. ఒకటి రెండు హెచ్‌పీ మోటారు కింద ఆడేదీ ట్రాక్టర్ పీటీఓ కింద ఆడేదీ ఒకటి కాదు.

ప్రశ్న: రాజోలు వైపు లంక ఊరు మాది. వరదకు బేలర్ షెడ్డులోనే గేర్‌బాక్స్ దాకా మునిగింది. నీళ్లు తీశాక బయట నుంచి చూస్తే బాగానే ఉంది, స్టార్ట్ చేసి చూడమంటారా?

జవాబు: వద్దు, ఒక్క చుట్టు కూడా తిప్పకండి. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో లంకల్లో ఎన్ని మోటార్లు, మిషన్లు మునిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు చాలామంది చేసిన పనే ఇది, ‘ఆడుతుందో లేదో చూద్దాం’ అని పీటీఓ వెయ్యడం. వరద నీళ్లతో పాటు సన్నటి ఒండ్రు బ్రీదర్ గుండా, సీలు అంచు గుండా లోపలికి వెళ్తుంది, తిప్పితే అది బేరింగ్ రోలర్ల మధ్య నలుగుతుంది.

కింది ప్లగ్గు విప్పండి. నీళ్లు బరువు కాబట్టి ముందు నీళ్లు, తర్వాత ఆయిల్ వస్తుంది. మజ్జిగలా తెల్లగా వస్తే ఆయిల్, నీళ్లు కలిసిపోయాయి. మొత్తం కారనిచ్చి, కాస్త డీజిల్ పోసి షాఫ్టును చేత్తో మాత్రమే తిప్పి దించెయ్యండి, ఒండ్రు రావడం ఆగేదాకా ఇలాగే చెయ్యాలి. ఆ తర్వాత చౌక గేర్ ఆయిల్‌తో ఒకసారి తిప్పి దించి, అసలు ఆయిల్ పోయండి. డీజిల్ మిగిలిపోతే ఆయిల్ పలచబడుతుంది, అందుకే ఈ మధ్య కడుగు. నీళ్లలో ఒకటి రెండు రోజులకు మించి ఉంటే మాత్రం మూత తీసి బేరింగులు చూడకుండా వదలొద్దు. రోలర్ల మీద గోధుమ రంగు చుక్క ఒక్కటి కనిపించినా ఆ బేరింగ్ మార్చెయ్యాలి, పక్క ముఖం మీద 30206 లాంటి నంబరు చెక్కి ఉంటుంది, అది చెబితే చాలు షాపులో ఇస్తారు. సీళ్లు ఎలాగూ కొత్తవే. వచ్చే ఏడు వరద హెచ్చరిక రాగానే బ్రీదర్ తీసి ఆ కన్నానికి ప్లగ్గు బిగించండి, తర్వాత మళ్లీ బ్రీదర్ పెట్టడం మర్చిపోకండి.

ప్రశ్న: తణుకు. గంట నడిస్తే గేర్‌బాక్స్ చెయ్యి పెట్టలేనంత కాలుతోంది, కూత లాంటి శబ్దం కూడా వస్తోంది. ఎంత వేడి దాకా పర్లేదు? ఏ ఆయిల్ వాడాలి?

జవాబు: చెయ్యి పెట్టి ఐదు సెకన్లు ఆగలేకపోతే సుమారు 60 డిగ్రీలు దాటినట్టు, మే నెల మధ్యాహ్నం అది మామూలే. 80, 90 దాకా వెళ్తుంటే కారణం వెతకాలి. నాలుగు నీటిచుక్కలు చల్లితే చుయ్ మని ఎగిరిపోతే 100 దాటింది, ఆపెయ్యాలి. కరోనా రోజుల్లో నుదుటికి పెట్టిన గన్ ఇంట్లో ఉందని దాంతో కొలవకండి, అది జ్వరం కొలతకే, మిషన్లకు వేరే గన్ ఉంటుంది.

వేడికి మొదటి అనుమానం ఆయిల్ తక్కువ కావడం, రెండోది ఎక్కువ కావడం. అవును, ఎక్కువైనా కాలుతుంది, గేర్లు మునిగి ఆయిల్‌ను చిలుకుతుంటే నురగ వస్తుంది, సీళ్లు కారతాయి. మిషన్‌ను సమానమైన నేల మీద పెట్టి, ఆపిన పావుగంట తర్వాత లెవెల్ ప్లగ్గు విప్పితే అంచు దాకా ఉండాలి, అంతే. ఆయిల్ ఎస్‌ఏఈ 90 లేదా 80డబ్ల్యూ-90 గేర్ ఆయిల్, మీ పుస్తకం ఏది చెబితే అది. ఇలా క్రౌన్ పినియన్ ఉండే బెవెల్ గేర్ బాక్సులకు సాధారణంగా జీఎల్-5 రకం బాగుంటుంది, లోపల ఇత్తడి, కంచు భాగాలున్న బాక్సులకు మాత్రం జీఎల్-4, ఎందుకంటే జీఎల్-5లో ఉండే రసాయనాలు కొన్ని ఆ పసుపు లోహాలను తింటాయి. ఇంజన్ నుంచి దించిన నల్ల ఆయిల్ పోసేవాళ్లకు ఏం చెప్పినా వినరు కాబట్టి ఏమీ చెప్పను.

ఇక శబ్దం. బరువు పడినప్పుడే సన్నటి కూత వస్తుంటే పళ్ల సెట్టింగు తేడా. చుట్టుకోసారి టక్కు మంటుంటే ఒక పన్ను చిట్లింది. గరగర అని ఎప్పుడూ వస్తుంటే బేరింగ్. వినడానికి స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని వంగుతారు చూడండి, పీటీఓ తిరుగుతుండగా ఆ పని ఎవరూ చెయ్యొద్దు, లుంగీతో, భుజం మీద తువ్వాలుతో అసలు దగ్గరికే వెళ్లొద్దు. 540 ఆర్‌పీఎం అంటే సెకనుకు 9 చుట్లు, ‘అయ్యో’ అనేలోపు గుడ్డతో సహా మనిషిని లాగేస్తుంది. షాఫ్టు మీద ప్లాస్టిక్ కవరు పగిలిపోయి తీసేసినవాళ్లు కొత్తది వేయించుకోండి, గేర్‌బాక్స్ కన్నా ముందు అది కొనండి.

ప్రశ్న: కొత్త ట్రాక్టర్‌లో 540 ఎకానమీ అని ఇంకో లీవర్ స్థానం ఉంది. డీజిల్ మిగులుతుంది కదా, బేలర్‌కు వాడొచ్చా?

జవాబు: పలచటి వరసలు, ఎండిన దాళ్వా గడ్డి అయితే వాడి చూడండి. ఇంజన్ తక్కువ ఆర్‌పీఎంలో పీటీఓ 540 తిరుగుతుంది కాబట్టి శక్తి కూడా తక్కువే ఉంటుంది, ఒత్తు గడ్డిలో ఇంజన్ గుక్కపట్టి, వేగం పడిపోయి, ముద్దలు కట్టి మళ్లీ బోల్టులే తెగుతాయి. ట్రాక్టర్‌లో 1000 స్థానం కూడా ఉంటే పొరపాటున అందులో వెయ్యకుండా డ్రైవర్‌కు చూపించి పెట్టండి, 540 బేలర్ గేర్‌బాక్స్‌ను ఆ వేగంలో తిప్పితే బేరింగులు తట్టుకోవు.

ప్రశ్న: సబ్సిడీలో బేలర్ తీసుకుందామనుకుంటున్నాం, రామచంద్రాపురం వైపు. రౌండా, స్క్వేరా? దేని గేర్‌బాక్స్ గట్టిది?

జవాబు: గట్టితనం కాదు, వాటి పనే వేరు. రౌండ్ బేలర్ బాక్స్ శక్తిని పక్కకు తిప్పి చైన్‌కు ఇస్తుంది, పని నిలకడగా సాగుతుంది. స్క్వేర్ బేలర్‌లో ప్లంజర్ (ముందుకూ వెనక్కూ ఆడే దిమ్మ) నిమిషానికి 80 నుంచి 100 సార్లు గడ్డిని గుద్దుతుంది, 540ని అంత కిందికి దించాలి కాబట్టి వేగం తగ్గిన మేరకు టార్క్ ఐదారు రెట్లు పెరుగుతుంది, ప్రతి గుద్దుకూ ఒక కుదుపు. అందుకే దాని ముందు బరువైన ఫ్లైవీల్ ఉంటుంది, బాక్స్ పెద్దది, బరువు, ఖరీదు. దాన్ని విప్పినప్పుడు ప్లంజర్‌కూ పురికొస తెచ్చే సూదులకూ ఉన్న టైమింగ్ గుర్తులు పెట్టుకోకుండా తీస్తే మళ్లీ బిగించాక సూదులు వెళ్లి ప్లంజర్‌కు కొట్టుకుని విరుగుతాయి. 35, 45 హెచ్‌పీ ట్రాక్టర్, చిన్న మళ్లు, ఇద్దరు మనుషులు మోసే కట్టలు అయితే మన డెల్టాకు మినీ రౌండే నయం. లారీల్లో దూరం పంపే వ్యాపారం చేస్తే స్క్వేర్ కట్ట పేర్చడానికి బాగుంటుంది.

సబ్సిడీ జాబితాలో ఉంది కదా అని ఊరుకోకండి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనూ మధ్యప్రదేశ్‌లోని బుద్నీలోనూ కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల పరీక్షా కేంద్రాలున్నాయి. మీ మోడల్‌కు టెస్ట్ రిపోర్ట్ ఉంటే డీలర్‌ను అడిగి తీసుకుని, గేర్‌బాక్స్ వివరాలు, ఏ ఆయిల్ ఎంత పట్టేదీ, పరీక్షలో ఏ భాగం అరిగిందీ, విరిగిందీ చదవండి. కరపత్రం కన్నా అది నయం. కొనేముందు ఇంకో మాట అడగండి: క్రౌన్ పినియన్ సెట్ తాడేపల్లిగూడెంలోనో రాజమండ్రిలోనో స్టాకు ఉందా, ఆర్డరు పెట్టి తెప్పించాలా? దాళ్వా గడ్డి చేలో పడుకుని మీ పార్సిల్ కోసం ఎదురుచూడదు.

ప్రశ్న: ఆయిల్ ఎన్నాళ్లకు మార్చాలి? సీజన్ ముందా, అయ్యాకా?

జవాబు: కొత్త బాక్స్ అయితే మొదటి 50 గంటలకే, ఎందుకంటే కొత్త పళ్లు ఒరుసుకున్న రజనంతా అందులో ఉంటుంది. తర్వాత పుస్తకంలో రాసిన గంటల ప్రకారం, గంటలు నిండకపోయినా ఏడాదికోసారి. సీజన్ అయ్యాకే మార్చండి, మిషన్ వేడిగా ఉన్నప్పుడే దించితే మడ్డి కూడా వచ్చేస్తుంది. తడి, మసి ఉన్న ఆయిల్‌ను జూన్ నుంచి నవంబరు దాకా లోపల పెట్టి ఉంచితే గేర్లు దాంట్లోనే తుప్పు పడతాయి. దించిన ఆయిల్‌ను తెల్ల పళ్లెంలో పోసి అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి బూడిద రంగు పేస్టు అంటితే మామూలే, గోరు ముక్కల్లాంటి రేకులు వస్తే మూత తీయాల్సిందే. కొత్త ఆయిల్ పోశాక రెండు నిమిషాలు ఖాళీగా తిప్పి, షాఫ్టు బయటి పళ్లకు గ్రీజు రాసి, బ్రీదర్ మీద ప్లాస్టిక్ సంచి కట్టి పెట్టండి. నవంబరులో సంచి తీసేశాకే పీటీఓ వెయ్యండి.